ఫోన్‌లో రెండు ఊళ్లకూ 33 డిగ్రీలే, మరి తేడా ఎక్కడ?

ప్రయాణాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. ఫిబ్రవరి ఆఖరి వారంలో మా అమ్మను, మా బాబును తీసుకుని ఎనిమిది రోజులు తిరిగి రావాలనుకుంటున్నాను. చెల్లెలు చెన్నై వేలచ్చేరిలో, అన్నయ్య బెంగళూరు యలహంకలో ఉంటారు. అమ్మకు 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, దుమ్ము తగిలితే ఆయాసం వస్తుంది. బాబుకు తొమ్మిదేళ్లు. బెంగళూరు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. తీరా ఫోన్‌లో చూస్తే మార్చి మొదటి వారానికి రెండు ఊళ్లకూ 32, 33 డిగ్రీలే చూపిస్తోంది. ఏ ఊరు ముందు పెట్టుకోవాలి? స్వెటర్లు తీసుకెళ్లాలా? అమ్మను తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఫోన్ తప్పు చెప్పడం లేదమ్మా. మార్చి మొదట్లో మధ్యాహ్నం రెండు గంటలకు రెండు ఊళ్లలోనూ ఎండ ఇంచుమించు ఒకటే. కానీ ఆ ఒక్క అంకె చూసుకుని బయలుదేరితే మీ అమ్మగారు ఇబ్బంది పడతారు. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో రెండు అంకెలుంటాయి చూడండి. ఒకటి రాత్రి కనిష్ఠం, రెండోది గాలిలో తేమ. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ముందు చూడాల్సినవి ఆ రెండే.

నేను పుట్టి పెరిగింది చెన్నై పశ్చిమ మాంబళంలో. పెళ్లయ్యాక 1998 నుంచి బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటున్నాను. ఈ తేడా నాకు మొదట తెలిసింది ఒక మట్టికుండ దగ్గర. మాంబళంలో మా అమ్మ వంటింటి మూల ఇసుక పోసి, దాని మీద కుండ పెట్టి, చుట్టూ తడిబట్ట చుట్టేది. మార్చి మధ్యాహ్నం ఆ నీళ్లు ముంచుకుంటే చల్లగానే ఉండేవి గానీ, దాహం తీరేంతవరకే. కాపురానికి వస్తూ అలాంటి కుండే ఒకటి తెచ్చుకున్నాను. మల్లేశ్వరంలో మొదటి మార్చి నెలలో ఆ నీళ్లు తాగి మా అత్తగారు, "ఫ్రిజ్‌లో పెట్టావా అమ్మాయ్, పళ్లు జివ్వుమంటున్నాయి" అన్నారు. కుండ అదే, తడిబట్ట అదే, బయట ఎండా అంతే.

మారింది గాలి. కుండకు పట్టిన చెమ్మ ఆవిరై పోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. బెంగళూరులో మార్చి మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. చెన్నైలో సముద్రం పక్కనే ఉంది కాబట్టి దానికి రెట్టింపు. అప్పటికే తేమ నిండిన గాలి కుండ మీది చెమ్మను తొందరగా తీసుకోదు. మన ఒళ్లూ కుండలాంటిదే కదా. చెమట ఆరితేనే ప్రాణానికి హాయి. అదే 33 డిగ్రీల ఎండలో యలహంకలో చెట్టు నీడకు వెళ్లి నిలబడితే రెండు నిమిషాల్లో ఒళ్లు తేలికపడుతుంది. వేలచ్చేరిలో నీడలో నిలబడినా వీపున జాకెట్టు అంటుకునే ఉంటుంది. గుమ్మడి వడియాలు పెట్టే ఆడవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. మా డాబా మీద రెండు రోజుల్లో గలగలలాడతాయి. మాంబళంలో అమ్మ నాలుగు రోజులు ఎండబెట్టి, రోజూ పొద్దుగుంకక ముందే లోపలికి తెచ్చేది. ఒక్క రాత్రి బయట మర్చిపోతే తెల్లారేసరికి మెత్తబడిపోయేవి.

ఇక రాత్రి సంగతి. రెండు ఊళ్లూ 13 డిగ్రీల అక్షాంశానికి దగ్గరలోనే ఉన్నాయి. అంటే సూర్యుడు రెండింటికీ ఒకే ఎత్తున కనిపిస్తాడు. చెన్నైలో ఓ పదకొండు నిమిషాలు ముందు తెల్లవారుతుంది, అంతే. కానీ చెన్నై సముద్ర మట్టంలో ఉంటే బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఆరు డిగ్రీల పైచిలుకు వేడి తగ్గుతుందని మనం చదువుకున్నాం. ఆ లెక్కన బెంగళూరు పగలు కూడా చల్లగా ఉండాలి కదా అని మీరడగొచ్చు. మార్చిలో బెంగళూరు ఆకాశంలో మబ్బు ఉండదు, నేల పొడిగా ఉంటుంది, పగలంతా కాగిపోతుంది. అదే సమయంలో చెన్నైకి మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలై ఎండకు అడ్డుకట్ట వేస్తుంది. అలా పగలు రెండూ ఒకచోట కలుస్తాయి. చీకటి పడ్డాక బెంగళూరు గబగబా చల్లారుతుంది. తేమ పట్టిన చెన్నై గాలి వేడిని అంత సులువుగా వదలదు. మార్చి మొదట్లో తెల్లవారుజామున బెంగళూరు 18, 19 డిగ్రీలకు దిగుతుంది. చెన్నై 23 దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగైదు డిగ్రీలే మీ అమ్మగారి నిద్ర.

అందుకే నా సలహా: చెన్నై ముందు, బెంగళూరు తర్వాత.

ఫిబ్రవరి ఆఖరు వరకు చెన్నైలో పొద్దుటి పూట ఇంకా బాగుంటుంది. ఆ తర్వాత వారం వారం ఉక్క పెరుగుతూ పోతుంది, మే నెల వచ్చేసరికి 37, 38కి చేరుతుంది. బెంగళూరుకు మాత్రం ఏప్రిల్ గట్టి నెల. మార్చి మొదటి వారంలో మీకు అక్కడ మంచి రాత్రులే దొరుకుతాయి. పైగా ప్రయాణం మొదట్లో ఓపిక ఉంటుంది, ఆ ఓపిక చెన్నైలో ఖర్చు పెట్టండి. అలసిపోయిన నాలుగు రోజులు చల్లటి రాత్రుల్లో గడిస్తే మోకాళ్లకూ విశ్రాంతి. తెనాలి ఎలాగూ చెన్నై లైను మీదే ఉంది కాబట్టి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి చెల్లెలి ఇంట్లో ఉంటారు. తిరుగు ప్రయాణానికి బెంగళూరు నుంచి గుంటూరు మీదుగా వచ్చే రైలు చూసుకోండి.

చెన్నైలో మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు వరకు ఇల్లు కదలొద్దు. ఇది నేను బతిమాలి చెబుతున్నాను. 2011 మార్చిలో మా అమ్మ ఒక పెద్ద గుడికి వెళ్దామంటే, "గుడే కదా, లోపల నీడ ఉంటుంది" అని పదకొండున్నరకు తీసుకెళ్లాను. లోపల నీడ ఉంది, కానీ ప్రదక్షిణం చేసే బయటి ప్రాకారంలో రాతి పలకలు పెనంలా కాలాయి. పరచిన గోనెపట్ట సగం దూరం వరకే ఉంది. మిగతా సగం అమ్మ మడమల మీద నడిచింది. ఆ రాత్రి అరికాళ్లు చూస్తే రూపాయి బిళ్లంత రెండు బొబ్బలు. షుగరు ఉన్న మనిషి కావడంతో అవి మానడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ ఆ రోజు తలుచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. మైలాపూర్ కపాలీశ్వరుడి దగ్గరికి వెళ్లేటట్టయితే పొద్దున ఏడింటికల్లా వెళ్లండి, లేదా సాయంత్రం ఐదు దాటాక. అమ్మగారికి ఒక జత మందపాటి నూలు మేజోళ్లు సంచిలో పడేయండి.

వేలచ్చేరికి దగ్గర్లోని మీనంబాక్కం విమానాశ్రయం దగ్గర ఒక వాతావరణ కేంద్రం ఉంది, నగరం మధ్యన నుంగంబాక్కంలో ఇంకొకటి ఉంది. మామూలుగా ఎండాకాలంలో మీనంబాక్కం ఓ డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. సముద్రపు గాలి తీరానికి ముందు తగిలి, ఆ తర్వాతే లోపలికి వస్తుంది మరి. కాబట్టి చెల్లెలి ఇంట్లో చెమటలు పడుతున్నా, సాయంత్రం నాలుగున్నరకు ఆటో ఎక్కి బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కు వెళితే వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. అమ్మగారిని గోడ మీద కూర్చోబెట్టండి, మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఇసుకలో నడిపించొద్దు. బాబును నీళ్లలోకి మాత్రం దించకండి. అక్కడి అలలు లాగేస్తాయి.

మీ బాబు కోసం ఒక మాట. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు చెన్నై తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వరకు ఇసుకలో వాటి జాడలు వెతుకుతూ, కుక్కలూ మనుషులూ పాడు చేయకముందే గుడ్లు తీసి భద్రమైన చోట పాతిపెట్టే విద్యార్థుల బృందం ఒకటి 1988 నుంచి పని చేస్తోంది. రాత్రంతా నడిచే ఆ నడక తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఎక్కువ. కానీ గుడ్లు పొదిగాక, సాయంత్రం వేళ పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు చూడొచ్చు. అరచేతిలో పట్టేంత తాబేలు పిల్ల తడి ఇసుక మీద నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ నాలుగడుగులు వేస్తుంది. మొదటి అల వచ్చి వెనక్కి నెట్టేస్తుంది. లేచి మళ్లీ బయలుదేరుతుంది. మా మనవరాలు దాన్ని చూసి ఇంటికి వెళ్లేదాకా మాట్లాడలేదు. మార్చి దగ్గర పడ్డాక ఇవి కనిపించే అవకాశం ఎక్కువ, కాబట్టి చెన్నైలో చివరి సాయంత్రం బీచ్‌కు అట్టిపెట్టుకోండి. ఫోన్ లైట్లు వేయొద్దని బాబుకు ముందే చెప్పండి, వెలుగుకు అవి దారి తప్పుతాయి.

చెన్నై నుంచి బెంగళూరుకు వందే భారత్‌లో నాలుగున్నర గంటల లోపే వెళ్లిపోవచ్చు. అమ్మగారికి అదే మంచిది. నాకు మాత్రం ఇప్పటికీ పొద్దున బయలుదేరే బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీటే ఇష్టం. కాట్పాడి దాకా వేడి గాలి మొహాన కొడుతుంది. జోలార్‌పేట దాటి రైలు ఎత్తుకు ఎక్కడం మొదలుపెట్టాక రాళ్ల గుట్టలు వస్తాయి, గాలిలో జిగురు పోతుంది. కుప్పం స్టేషన్‌లో తెలుగు బోర్డు చూసేసరికి చీర కొంగు ఆరిపోయి ఉంటుంది. ఏసీ బోగీలో కూర్చున్నవాళ్లకు ఈ మార్పు తెలియదు.

బెంగళూరులో మీరు జాగ్రత్త పడాల్సింది వేరు. ఉక్క ఉండదు కాబట్టి ఎండ తగులుతున్నట్టు అనిపించదు. చెమట పట్టగానే ఆరిపోతుంది, దాహం తెలియదు, సాయంత్రానికి తలనొప్పి. ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఎండ చురుక్కుమంటుంది కూడా. గంటకోసారి అమ్మగారి చేత నాలుగు గుక్కల మజ్జిగ తాగించండి. పెదవులు పగులుతాయి, ముక్కు లోపల ఎండిపోతుంది, పడుకునే ముందు కాస్త కొబ్బరినూనె రాస్తే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం ఆయాసం. ఈ రోజుల్లో ఇక్కడ నేల ఎండి దుమ్ము లేస్తుంది, చెట్లన్నీ పూత మీద ఉంటాయి. ఇన్‌హేలర్ పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి. బయలుదేరే ముందు ఒకసారి మీ డాక్టరుకు చూపించి, ఈ ఊరి పేరు చెప్పి అడగండి.

ఆ పూత మాత్రం చూసి తీరాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టబేబుయా చెట్లు ఆకులన్నీ రాల్చి ఒక్కసారిగా పూస్తాయి. గులాబీ రంగువి ఉన్నాయి, పసుపు రంగువి ఉన్నాయి. వాటి వెనకే ఊదారంగు జకరాండా అందుకుంటుంది. ఇలా ఒకటి అయ్యాక ఒకటి ఊళ్లో పూలు ఉండేటట్టు చెట్లు నాటించిన ఆలోచన లాల్‌బాగ్‌ను చూసుకున్న జర్మన్ తోటల నిపుణుడు క్రుంబిగల్‌ది. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన ఆయన ఈ ఊళ్లోనే 1956లో కన్నుమూశారు. పొద్దున ఏడింటికి లాల్‌బాగ్‌కు వెళితే అమ్మగారు బెంచీ మీద కూర్చుని చూడొచ్చు. బాబు కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద బండ ఎక్కుతాడు. ఆ బండ వయసు మూడు వందల కోట్ల ఏళ్లని వాడికి చెప్పండి. పది దాటితే అదీ కాలుతుంది. గాజు మేడలో పూల ప్రదర్శన జనవరిలో, ఆగస్టులో పెడతారు, మీకు అందదు.

స్వెటర్లు వద్దు. అమ్మగారికి ఒక పలుచటి శాలువ, తెల్లవారుజామున పనికొస్తుంది. చెన్నైకి రోజుకు రెండు జతల నూలు బట్టలు లెక్కేసుకోండి, ఉతికినవి ఆరడానికి టైమ్ పడుతుంది. బెంగళూరులో ఒక జతతో గడుస్తుంది. గొడుగు ఎండకే.

ఇంకొక్క విషయం, మీ అన్నయ్యగారిల్లే అయినా చెబుతున్నాను. 2024 మార్చిలో బెంగళూరులో చాలా చోట్ల బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్లు ఎదురుచూశాయి. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో ఇక్కడి ఇల్లాళ్లకు నీళ్ల బెంగ ఉంటుంది. బకెట్ స్నానాలు చేయండి, వదినగారు నోరు తెరిచి అడగలేరు.

ప్రశ్న: మేడమ్, చెన్నై పెరంబూర్‌లో ఉంటున్నాను. మార్చిలో నంది కొండకు బైక్ మీద వెళ్లి, మబ్బులు కాళ్ల కింద ఉండే సూర్యోదయం చూడాలని స్నేహితులం అనుకున్నాం. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: సూర్యోదయం కుదురుతుంది బాబూ, మబ్బులు కష్టం. ఫోటోల్లో మీరు చూసిన ఆ మంచు వర్షాలు పడి నేల తడిగా ఉన్న రోజుల తర్వాత, చలికాలంలో ఏర్పడేది. మార్చికి నేలలో ఆ తడి ఉండదు. దూరాన కాస్త మసక, పైన తేటైన ఆకాశం, ఎర్రటి సూర్యుడు, ఇదీ మీకు దొరికేది. నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు, బెంగళూరు కంటే ఇంకో ఐదు వందల మీటర్లకు పైనే, కాబట్టి ఊరికంటే మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. గాలి కూడా కలిస్తే చెన్నై మనిషికి వణుకు పుడుతుంది, జర్కిన్ వేసుకోండి. చెన్నై నుంచి రాత్రంతా బైక్ నడుపుకుంటూ వచ్చి, అదే ఊపులో ఆ మలుపులు ఎక్కొద్దు. ముందు రోజు రైల్లో వచ్చి నిద్రపోయి, బైకులు ఇక్కడే అద్దెకు తీసుకోండి. మార్చిలో కొండ మీద గడ్డంతా ఎండి ఉంటుంది, సిగరెట్ నిప్పు పడితే అంటుకుంటుంది. మబ్బులే కావాలనుకుంటే మాత్రం అక్టోబరు దాటాక రండి.

ప్రశ్న: మాది అనంతపురం. మార్చి నాలుగో వారంలో మా అమ్మాయి రిసెప్షన్ బెంగళూరులో సాయంత్రం ఆరుబయట పెట్టాలని మగపెళ్లివారు అంటున్నారు. ఎండాకాలం కదా, వాన భయం ఉండదంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: పూర్తిగా నమ్మకండి అన్నగారూ. అదే చెన్నైలో అయితే నేనూ ధైర్యం చెప్పేదాన్ని, అక్కడి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసి వెళ్లిపోతాయి, మార్చి దాదాపు పొడి. బెంగళూరు లెక్క వేరు. మార్చి ద్వితీయార్ధం నుంచి పగలు నేల బాగా కాగాక, ఎక్కడి నుంచో తేమ గాలి వచ్చి కలిస్తే సాయంత్రం నాలుగు, ఐదింటికి ఉరుములు మొదలవుతాయి. వీటినే మామిడి జల్లులంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువ. జల్లు అరగంటే ఉండొచ్చు గానీ, ముందు వచ్చే గాలి షామియానాలను పీకేస్తుంది, ఒక్కోసారి వడగళ్లు పడతాయి. మార్చిలో వాన పడే రోజులు తక్కువే, కానీ పడితే సరిగ్గా మీ రిసెప్షన్ వేళకే పడుతుంది.

లాన్ పక్కనే కప్పున్న హాలు కూడా ఉన్న చోటు చూడమనండి. కుర్చీలు, వేదిక ఆరుబయట పెట్టుకున్నా వంటలు, వడ్డన, కరెంటు బోర్డులు హాల్లోనే ఉండాలి. వాన వస్తే హాలు మీకే ఇస్తారా, అదనంగా ఎంత తీసుకుంటారు అన్నది అడ్వాన్స్ ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆకాశం వైపు చూడండి. పడమరగానీ తూర్పుగానీ కాలీఫ్లవర్ పువ్వులా తెల్లటి మబ్బు నిలువుగా పైకి లేస్తుంటే, వేదిక పూలు కట్టేవాళ్లకు అప్పుడే చెప్పి లోపలికి మార్పించండి. నాలుగింటికి చెబితే వాళ్లకు టైమ్ చాలదు.